కిన్నెరకు కార్ఖానా లేదు

వాద్యములను గూర్చి వ్రాయువారు తరచుగా వాయించువానితో నారంభించి వాయించువానితోనే ముగింతురు. ఏ రాగము నెవ్వరు ఎట్లు పలికించిరి, ఏ సభలో నెవ్వరికి కనకాభిషేకము జరిగెను, ఏ బిరుదము నెవ్వరు ధరించిరి అను విషయములు పుటలకొలది దొరకును గాని, ఆ వాద్యమునకు కొయ్య నెన్నుకొన్నవాడెవ్వడు, దాని నెన్నాళ్లు నీడపట్టున నారబెట్టెను, మెట్టునకు మెట్టునకు నడిమి యెడమును దేనినిబట్టి నిర్ణయించెను అని యడిగినచో మన గ్రంథములు చాలవరకు మౌనము వహించును. పాలమూరు, నల్లగొండ మెట్టభూములలో డక్కలివారి భుజమునెక్కి యూరూర తిరిగిన కిన్నెర విషయమున నీ మౌనము మరింత గాఢమైనది; ఏలయన, కిన్నెరను చేయువాడును వాయించువాడును ఒక్కడే యగుటచేత, పాట విన్నవారెవ్వరును పనితనమును వేరుగా చూడవలెనని తలపలేదు.

ఈ విషయము చక్కగా బోధపడుటకు సముద్రములకావల జరిగిన యొక వృత్తాంతమును ముందు చెప్పవలసియున్నది. 1879వ సంవత్సరము ఆగస్టు 23వ తేదీని రావెన్స్‌క్రాగ్ అను నోడ, పోర్చుగీసువారి మదీరా ద్వీపమునుండి నెలల తరబడి ప్రయాణించి, హవాయిలోని హొనొలులు రేవును చేరెను. అందు వచ్చినవారు చెరకుతోటలలో ఒప్పందపు కూలికి కుదిరిన బీదలు. వారిలో మాన్యుయెల్ నూనెస్, ఆగస్టో డియాస్, జోసె దో ఎస్పిరిటో సాంటో అను మువ్వురు వడ్రపుపని యెరిగినవారుండిరి. తమ ద్వీపమున వాడుకలోనున్న మషేటె యను నాలుగు తంత్రుల చిన్న గిటారును తలంపునందుంచుకొని, వారు కొన్ని యేండ్లలోనే తోటపనిని విడిచి హొనొలులులో దుకాణములు తెరచి, ఆ ద్వీపమున పెరుగు ‘కోవా’ అను చెట్టు కొయ్యతో చిన్నచిన్న వాద్యములను చేసి యమ్మసాగిరి. అదియే నేడు లోకమంతట పిల్లల చేతులలో కనబడు ఉకులేలే. కలాకావా మహారాజు దానిని తన యాస్థానపు వినోదములలో చేర్చెను. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున జరిగిన పనామా-పసిఫిక్ మహాప్రదర్శనలో అమెరికావాసులు దానిని విని మోజుపడిరి. మరుసటి యేడు, అనగా 1916లో, గిటారులకు పేరొందిన మార్టిన్ సంస్థవారు దానిని విరివిగా చేయనారంభించిరి. ఆ యేడే హొనొలులులో శామ్యూల్ కమాకా తన పేరిట నెలకొల్పిన కార్ఖానా నేటికిని ఆ కుటుంబమువారి చేతిలోనే నడచుచున్నది.

పాతకాలపు ఉకులేలేను కొనువాడు మొదట చేయు పని దానిని మీటుట గాదు; గుండ్రని రంధ్రములోనికి తొంగిచూచి, లోపల నంటించిన కాగితపు చీటీపై నెవ్వరి పేరున్నదో చదువుట. నూనెస్ పేరున్నచో నొక వెల, పేరు లేనిచో మరియొక వెల. చేసినవాని పేరు వాద్యపు గర్భమున నుండుటచేతనే నూరేండ్ల తరువాతను ఆతని మనుమల తరమువారికిని గౌరవము దక్కుచున్నది. వాయించినవారిలో ననేకుల పేర్లు మరుగుపడినవి గాని ఆ మువ్వురు వడ్రంగుల పేర్లు మరుగుపడలేదు.

మన పాలమూరునుండియు కూలికి పోయినవారు కొల్లలు. దేశమున నెక్కడ ఆనకట్ట కట్టినను, కాలువ త్రవ్వినను, ‘పాలమూరు లేబరు’ అను మాట వినబడని చోటు లేదు. బొంబాయి మేడలకు పునాదులు త్రవ్విన చేతులలో నెన్ని చేతులకు డప్పు వాయించుట తెలియునో, ఎన్నింటికి వెదురును వంచి వాద్యము చేయుట తెలియునో, మేస్త్రీ హాజరుపట్టీలో వ్రాసికొనలేదు. మదీరా కూలీలకు హొనొలులులో దుకాణము తెరచుటకు నాలుగడుగుల చోటు దొరికినది. మనవారికి గుడారమునకు మించి దొరకలేదు. రెండు కథలకును గల భేదము ప్రతిభలో లేదనియే నా తలంపు.

ఇక కిన్నెర నిర్మాణమునకు వత్తము. దీనికి వెన్నెముక వెదురు. బాగుగా ముదిరి, గనుపులు సమముగానుండి, పురుగు పట్టని వెదురుబొంగును ఏరుట మొదటి పని. లేతవెదురు ఎండిన పిమ్మట వంకరలు పోవును. వంకరపోయిన దండెపై తీగె మెట్లనన్నింటిని సమముగా తాకదు. దండె క్రింద వ్రేలాడునవి బుర్రలు. పన్నెండు మెట్ల కిన్నెరకు మూడు బుర్రలు గట్టుదురు. ఇవి సొరజాతి కాయలు. కూరకు కోయక తీగెమీదనే ముదురనిచ్చి, తొడిమ యెండి, పెంకు గట్టిపడినపిదప దింపి, పైభాగమున రంధ్రము చేసి, లోని గుజ్జును గింజలను తీసివేసి, మరల ఎండబెట్టవలయును. పెంకు దళసరియైనచో నాదము మూగవోవును, పలుచనైనచో పగులును. కాయ తీగెపై నుండగనే దాని యాకారమును చూచి ‘ఇది వాద్యమునకు పనికివచ్చును’ అని చెప్పగల కన్ను ఏ పాఠశాలయందును అలవడునది కాదు. మూడు బుర్రలును ఒకే పరిమాణమున దొరకవు, దొరకనక్కరయు లేదు. పెద్ద బుర్ర మంద్రమునకును చిన్నది తారమునకును తోడుపడును.

మెట్లు పన్నెండు. పూర్వము వీనిని అలుగు పొలుసులతో చేసెడివారు. అలుగు వంటిపై నుండు పొలుసు మన గోరు ఏ పదార్థముతో నేర్పడినదో ఆ పదార్థముతోనే యేర్పడినది. గట్టిది, తీగె రాపిడికి తొందరగా నరగదు, తడికి చెడదు. ఆ పొలుసులను తగిన యెత్తున అమర్చి, తేనెమైనముతో దండెకు అంటింతురు. తీగెకు ఒకప్పుడు నరమును, గుఱ్ఱపు తోకవెండ్రుకలను వాడిరి. పిమ్మట లోహపు తీగె వచ్చినది. దండె కొనయందొక కొయ్యపక్షి యుండును. నెమలి యీకలు, రంగుగుడ్డలు, అద్దపు బిళ్లలు, గజ్జెలు అలంకారములు. పట్టణపు విమర్శకుడు ఈ యలంకారమును చూచి వాద్యము నొక ఆటవస్తువని భావించును. కాని తిరునాళ్లలో, సంతలో, నూరుమంది నడుమ నిలిచి నలుగురిని తనవైపు త్రిప్పుకొనవలసిన గాయకునకు కంటికింపుగూడ వృత్తిధర్మములో భాగమే.

మైనమును గూర్చి యొకింత నిలిచి చెప్పవలయును. ఏలయన కిన్నెర శాస్త్రమంతయు నందే యున్నది. ఉకులేలేకు మెట్లు లోహపు కమ్ములు. కొయ్యలో కోసిన గాడులయందు వానిని దిగగొట్టిన పిదప అవి కదలవు. మార్టిన్ సంస్థవారు చేసిన సాదారకపు చిన్న ఉకులేలేలకును మెట్లు పన్నెండే యగుట వినోదకరమైన సంగతి. కిన్నెర మెట్టు అట్లు స్థిరమైనది కాదు. మైనమును వేడిచేసి మెట్టును ముందునకో వెనుకకో జరుపవచ్చును. గాయకుని గొంతు వయసుతో దిగినచో మెట్టును దానితో దింపవచ్చును. ఇందొక చిక్కుగూడ గలదు. పాలమూరు వేసవి యెండకు మైనము మెత్తబడి మెట్టు జారును. ఏ మెట్టు ఏ చోట నుండవలెనో చెవికి తెలిసినవాడే దానిని మరల నిలుపగలడు. కనుక కిన్నెర వాయించువాడు విధిగా కిన్నెర మరమ్మతు నెరిగియుండవలెను; మరమ్మతు నెరిగినవాడు కొంతకాలమునకు చేయుటయు నేర్చును.

ఇది నాటుపద్ధతియని తీసివేయువారు మన సరస్వతీవీణను పరికింతురు గాక. ఆ వీణ యిరువదినాలుగు కంచుమెట్లును మైనములో మసి కలిపి యొత్తిన మేళములపైననే నిలుచుచున్నవి. పదునేడవ శతాబ్దమున తంజావూరు నేలిన తెలుగు ప్రభువు రఘునాథనాయకుని పేరిట ప్రసిద్ధికెక్కిన మేళవీణనుండి యీ నిర్మాణము స్థిరపడినదని పెద్దలు చెప్పుదురు. అంతకు నాలుగువందలయేండ్ల పూర్వము, దేవగిరిలో యాదవ సింఘణుని కొలువున నుండిన శార్ఙ్గదేవుడు తన సంగీతరత్నాకరమున కిన్నరీవీణను లఘ్వి, బృహతి అను భేదములతో వర్ణించెను. కిన్నరికి ఆద్యుడు బృహద్దేశీకర్తయగు మతంగుడని సంప్రదాయము చెప్పుచున్నది. మాతంగులమని చెప్పుకొను మాదిగలను ఆశ్రయించి బ్రతికిన డక్కలివారి చేతిలోనే యీ వాద్యము మిగిలియుండుట కేవలము కాకతాళీయమో కాదో పండితులు తేల్చుకొందురు గాక. నాకు మాత్రమది కాకతాళీయముగా తోచుట లేదు.

తెలుగున పాల్కురికి సోమనాథుడు కాకతీయుల కాలమున బసవపురాణమందు కిన్నెర బ్రహ్మయ్య కథను చెప్పెను. కిన్నెర వాయించి శివుని మెప్పించిన యా భక్తుడు శైవులకు ప్రాతఃస్మరణీయుడు. పండితారాధ్యచరిత్రలోని పర్వతప్రకరణమున శ్రీశైల యాత్రికుల పాటలను, వాద్యములను, ఆటలను అతడు వర్ణించిన తీరు తెలుగువారి సాంఘికచరిత్రకు గని వంటిది. మా పాలమూరి వాడైన సురవరము ప్రతాపరెడ్డిగారు ఆంధ్రుల సాంఘికచరిత్రను కూర్చునప్పుడు సోమనాథుని నట్లే త్రవ్వుకొనిరి. శ్రీశైలమునకు నాలుగు ద్వారక్షేత్రములు గలవనుట ప్రసిద్ధము. అందు పశ్చిమద్వారమగు అలంపురమును, ఉత్తరద్వారమగు ఉమామహేశ్వరమును పాత పాలమూరు జిల్లాలోనివే. శివరాత్రికి నల్లమల దారులు పట్టిన జంగములును యాత్రికులును ఏ వాద్యములను మోసికొనిపోయిరో, ఆ దారుల ప్రక్కపల్లెలలోనే కిన్నెర నిన్నమొన్నటివరకు మ్రోగుచుండెను.

డక్కలివారు షెడ్యూల్డు కులములలో నొకరు. మాదిగ యిండ్లను యాచించి, వారి కులమూలమును జాంబపురాణముగా పాడి వినిపించుట వీరి వృత్తి. జయధీర్ తిరుమలరావుగారు డక్కలి జాంబపురాణమును సేకరించి ప్రకటించుటయేగాక, గూడూరు మనోజగారితో కలిసి జానపద, గిరిజన వాద్యములను వెదకి ప్రోవుచేసిరి. వారు చూపిన శ్రద్ధ లేనిచో నేడు కిన్నెరను గూర్చి వ్రాయుటకు మనకు ఆధారమే తక్కువయై యుండెడిది. పురాణముతోబాటు కిన్నెరపై వీరపాటలుగూడ నడచినవి. దొరల సొత్తు దోచి బీదలకు పంచెనని పాలమూరు ప్రజలు నేటికిని తలచుకొను పండుగ సాయన్న కథ అట్టిది. మియాసాబు కథ అట్టిది. దొరతనము తన దస్త్రములలో దొంగయని వ్రాసికొన్నవానిని ఊరిచివర డక్కలివాడు నాయకునిగా పాడెను. చరిత్ర వ్రాయుటకు కాగితమే కావలెనని లేదు.

నాగర్‌కర్నూలు జిల్లా లింగాల మండలము అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్య ఈ పరంపరలోని వాడు. పన్నెండు మెట్ల కిన్నెర యనగానే లోకమునకు ఆతని పేరే స్ఫురించును. తెలంగాణ ప్రభుత్వము ఎనిమిదవ తరగతి పాఠ్యపుస్తకమున ఆతని కళకు చోటిచ్చెను. 2021లో భీమ్లానాయక్ చిత్రపు పాట మొదట ఆతని గొంతు వినబడి తెలుగునేలయంతట మారుమ్రోగెను. 2022లో పద్మశ్రీ వచ్చెను. కోటిరూపాయల పారితోషికమును, ఇంటిస్థలమును ప్రభుత్వము ప్రకటించెను. 2024 వేసవిలో ఆ పద్మశ్రీ గ్రహీత పొట్టకూటికై కట్టడపు కూలిపనికి పోవుచున్నాడని పత్రికలలో ఛాయాచిత్రములతో వార్తలు వెలువడినవి. 

ఈ వృత్తాంతమును చదివినవారు సామాన్యముగా ప్రభుత్వమును నిందించి యూరకుందురు. నింద తగినదో కాదో యటుంచి, నేను వేరొక సంగతి చెప్పదలచితిని. పతకము గాయకునకు వచ్చినది. వాద్యమును చేయు విద్యకు రాలేదు. మొగులయ్యకు పాట పాడుటకు ఆహ్వానములు వచ్చినవి, శాలువలు వచ్చినవి. ‘నాకొక కిన్నెర చేసియిమ్ము, ఇదిగో సొమ్ము’ అని వచ్చినవారు ఎందరుండిరి? శాలువ నొకపూట కప్పుకొందుము. వాద్యమునకు గిరాకి యున్నచో వెదురును ఏరుటకు కొడుకును, బుర్రను ఎండబెట్టుటకు కోడలును, మైనము వేడిచేయుటకు మనుమడును ప్రక్కన కూర్చుందురు. పని వారి చేతులకు తెలియకుండగనే దిగును. గాయకుడు ఆహ్వానముపై నొంటరిగా బస్సెక్కి పోవును, చేయు విద్యయు ఆతనితోనే బస్సెక్కి పోవును.

నారాయణపేట జిల్లా దామరగిద్దకు చెందిన దాసరి కొండప్పకు 2024లో బుర్రవీణకై పద్మశ్రీ వచ్చినది. తెలుగునను కన్నడమునను తత్త్వములు పాడు ఆయన చేతిలోని వాద్యమును వెదురు, సొరబుర్ర, తీగెల కూర్పే. ఒక్క పాత జిల్లాకు, రెండేండ్ల యెడముతో, బుర్రకట్టిన తంత్రీవాద్యములకే రెండు పద్మశ్రీలు వచ్చుట సామాన్యము కాదు. అయినను పాలమూరు బజారులో ఒక కిన్నెరగాని ఒక బుర్రవీణగాని కొనదలచినవాడు ఏ దుకాణమునకు పోవలెను? గిటారు దొరకును, కీబోర్డు దొరకును, చైనాలో చేసిన ప్లాస్టిక్ ఉకులేలే గూడ దొరకును.

అన్యప్రాంతములలో నిట్లు జరుగలేదు. మహారాష్ట్రమున మిరజలో పందొమ్మిదవ శతాబ్ది మధ్యమున ఫరీద్‌సాహెబు మొదలగు శికల్గారులు, అనగా కత్తులకు సానబట్టువారు, యుద్ధములు తగ్గి పని లేక తంబురలు చేయుటకు పూనుకొనిరి. పండరిపురపు ప్రాంతమున వాద్యములకొరకే బుర్రలు పండించు రైతులు వారికి తోడైరి. నేడు మిరజ తంబుర లేని హిందుస్తానీ సభ యరుదు. మన బొబ్బిలి వీణకును సర్వసిద్ధి వంశీయుల చేతిపనియే ప్రతిష్ఠ. ఒకే పనసమొద్దును తొలిచి వీణ చేయు ఆ విద్యకు సంస్థానము అండగా నిలిచెను. వనపర్తి, గద్వాల సంస్థానములు కవిపండితులను పోషించిన కీర్తి మన పాలమూరునకును గలదు. అష్టావధానులకు అగ్రహారములిచ్చిన నేలపై బుర్ర తొలుచువానికి ఒక సెంటు భూమి దొరకలేదు. అంటరానితనము ఆ వాద్యమును గుడిబయట నుంచెను, సభబయట నుంచెను, దుకాణము బయట గూడ నుంచెను. ఈ మాటను మృదువుగా చెప్పుటకు నాకు మార్గము కనబడుట లేదు.

ఇక అలుగు సంగతి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమున అలుగు మొదటి షెడ్యూలులో నున్నది. అనగా పులికెంత రక్షణయో దానికి నంత రక్షణ. అంతర్జాతీయ వాణిజ్యమున 2016లో కుదిరిన నిర్ణయము ప్రకారము అన్నిజాతుల అలుగుల క్రయవిక్రయములు నిషిద్ధములైనవి. పొలుసులకై దొంగవేటగాండ్రు ఆ మూగజంతువును లోకమంతట మట్టుపెట్టుచుండగా ఈ నిషేధము ధర్మమైనదే. కిన్నెరకొరకు దీనిని సడలింపుమని నేనడుగను. దంతమును, తాబేటిచిప్పను, బ్రెజిలు దేశపు రోజువుడ్డును విడిచి పాశ్చాత్య గిటారుపనివారు మార్గాంతరములు వెదకికొనలేదా? ఎముక, కొమ్ము, వెదురుపెచ్చు, కంచు ఇత్యాదులతో మెట్లు అమర్చి, ఏది యేనాదమునిచ్చునో చూడవలెను. ఇది ప్రయోగశాలలో జరుగవలసిన పని కాదు; కిన్నెర పట్టిన చేయి, విన్న చెవి తోడుండగనే జరుగవలెను. ఆ చెవులు గలవారు ప్రతియేడు తగ్గుచున్నారు.

పాతవాద్యము నింటనుంచుకొని పూజించు అలవాటు మనకు కలదు గాని, కిన్నెర ఆ మర్యాదకు నిలుచునది గాదు. కోవాకొయ్య ఉకులేలే నూరేండ్లకు మరింత తేలికయై మరింత తియ్యగా మ్రోగునని దాని ప్రియులు చెప్పుదురు. సొరబుర్రను పురుగు తొలుచును, ఎలుక కొరుకును, క్రిందపడినచో పగులును. వెదురు గుల్లయగును. అద్దాల పెట్టెలో నుంచిన కిన్నెరకు మొదట మైనము రాలును, పిదప మెట్లు రాలును. తాతనాటి కిన్నెర యని చూపబడు దానిలో తాతనాటి బుర్ర యుండకపోవచ్చును, తీగె యుండకపోవచ్చును. తాతనాటిది నిజముగా నుండునది చేతిలోని కొలత మాత్రమే. కనుక సంగ్రహాలయములు అవసరములే యైనను కిన్నెరకు అవి చాలవు.

చేయవలసిన పని పెద్దది కాదు. తెలుగు విశ్వవిద్యాలయమునకు నేడు సురవరము ప్రతాపరెడ్డిగారి పేరున్నది. మహబూబ్‌నగరమున పాలమూరు విశ్వవిద్యాలయము, నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయము గలవు. ఈ మూడింటిలో నొక్కటైనను కిన్నెర చేయుట నెరిగిన డక్కలి పెద్దను నెలజీతముపై గురువుగా నియమించి, ఆయన యెదుట నలుగురు పిల్లలను కూర్చుండబెట్టవలెను. పాట నేర్పుట రెండవ యేడు చూచుకొనవచ్చును. మొదటి యేడంతయు వెదురు, బుర్ర, మైనము. సొరతీగె పెట్టిన రైతు పెరటిలో నాలుగు కాయలను కోయక ముదురనిచ్చి యిచ్చినచో నదియు సాయమే. పాఠకులలో సంగీతాభిమానులు, కళాశాలల యధ్యక్షులు, ప్రవాసమునందున్న పాలమూరు, నల్లగొండ బిడ్డలు ఎందరో యుందురు. వారికి నా విన్నపమొక్కటే: కిన్నెర కళాకారుని ఈసారి సభకు పిలిచినప్పుడు శాలువ కొనకుడు. ఆ సొమ్మునకు మరికొంత చేర్చి, ఆతని చేతిలో బయానా పెట్టి, ఒక కిన్నెర చేయించుకొనుడు. బుర్ర లోపల చేసినవాని పేరు వ్రాయించుట మరువకుడు.